క్రూజింగ్ పడవలో జెనోవా షీట్‌ని లోపలికి లాగాలా, ఉన్నచోటే ఉంచాలా?

తెరచాప:
మాది 36 అడుగుల క్రూజింగ్ పడవ. రోలర్ ఫర్లింగ్ (చాపను చుట్టి చిన్నది చేసే ఏర్పాటు) మీద 135 శాతం జెనోవా, అంటే మాస్టు దాటి వెనక్కి వచ్చే పెద్ద ముందు చాప. దాని షీట్ (చాపను లాగే తాడు) ఒక కారు (ముందుకీ వెనక్కీ జరిపే కప్పీ) గుండా పోతుంది, ఆ కారు జరిగే ట్రాక్ పక్క డెక్ మీద ఉంది. గాలికి ఎదురెక్కేటప్పుడు మాతో పాటు బయల్దేరిన పడవలు మాకన్నా గాలికి దగ్గరగా పోతున్నాయి. పడవ నడిగీత నుంచి షీట్ ఎంత పక్కకి ఉందో, ఆ కోణం కొలిచాను. టాక్ (చాప ముందు కింది మూల) నుంచి కారుకి ఎదురుగా వచ్చేదాకా నడిగీత మీద 4 మీటర్లు, అక్కణ్నుంచి అడ్డంగా 85 సెంటీమీటర్లు. అంటే సుమారు 12 డిగ్రీలు. ఇన్‌హాలర్ (షీట్‌ని నడిగీత వైపు లాగే తాడు) పెట్టి 10 డిగ్రీలకు తెమ్మని ఒక మిత్రుడు అంటున్నాడు. దానికి డెక్‌లో రంధ్రాలు వేయాలి. వేసేద్దామా?

లంగరు:
వేసేయండి. రేసింగ్ పడవల్లో 7, 8 డిగ్రీలు మామూలే. మీకు కావలసింది 15 సెంటీమీటర్లు లోపలికి రావడం, అంతే. నా పడవలో చిన్న జిబ్‌కి (చిన్న ముందు చాపకి) ఇదే చేశాను. అలలు లేని నీళ్లలో, పన్నెండు నాట్ల గాలిలో తేడా కళ్లకు కనబడింది.

చుక్కాని:
లంగరు గారూ, మీది చిన్న జిబ్ అన్నారు చూడండి, అసలు సంగతంతా అక్కడే ఉంది. మీ జిబ్ ష్రౌడ్స్‌కి (మాస్టును పక్కల నుంచి పట్టి ఉంచే తీగలకి) ముందే ఆగిపోతుంది. 135 శాతం జెనోవా ష్రౌడ్స్ బయటి నుంచి చుట్టుకుని వెనక్కి వస్తుంది. దాన్ని లోపలికి లాగితే గుడ్డ పోయి ష్రౌడ్స్‌కీ స్ప్రెడర్ (ఆ తీగల్ని మాస్టుకి దూరంగా ఉంచే అడ్డకర్ర) కొసకీ ఒరుసుకుంటుంది. కోణం తగ్గదు, చాప చిరుగుతుంది.

ఇంకో మాట. చాప పాతబడి పొట్ట వెనక్కి జరిగి ఉంటే, లోపలికి లాగేకొద్దీ లీచ్ (చాప వెనక అంచు) వంకీలా మెయిన్ (మాస్టు వెనకున్న పెద్ద చాప) మీదికి తిరుగుతుంది. మెయిన్ ముందు అంచు వెనక్కి ఉబ్బుతుంది. పడవ ఒరుగుతుంది, పక్కకి జారుతుంది. ముక్కు మాత్రం గాలికి దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి బాగా పోతున్నామనే అనిపిస్తుంది. నిజం తెలియాలంటే జీపీఎస్ గీత చూడాలి.

తెరచాప గారూ, ముందు కారుని ముందుకీ వెనక్కీ జరిపి చూశారా? నెమ్మదిగా గాలిలోకి తిప్పండి. చాప ముందు అంచు వెంట పైనా మధ్యలో కిందా ఉండే మూడు టెల్‌టేల్స్‌లో (గాలి తీరు చూపే దారాల్లో) పైది ముందుగా రెపరెపలాడితే కారు వెనక ఉన్నట్టు, ముందుకు జరపండి. కిందది ముందు ఆడితే వెనక్కి జరపండి. మూడూ ఒకేసారి కదిలేదాకా డ్రిల్లు ముట్టుకోవద్దు.

తెరచాప:
నిజం చెప్తున్నా, పడవ కొన్నప్పటి నుంచి కారు ఒకే రంధ్రంలో ఉంది. జెనోవా కొంత చుట్టినప్పుడు కూడా జరపలేదు.

చుక్కాని:
అదే అనుకున్నాను. చుట్టేకొద్దీ క్లూ (షీట్ కట్టే వెనక మూల) పైకీ ముందుకీ పోతుంది. కారు అక్కడే ఉంటే ఫుట్ (చాప కింది అంచు) తీగలా బిగుస్తుంది, పైభాగం వదులై కొట్టుకుంటుంది. ఒకసారి 22 నాట్ల గాలిలో మూడో వంతు చుట్టి వెళ్తుంటే లీచ్ కొట్టుకునే చప్పుడుకి మాట వినబడలేదు. టాక్ మార్చి (గాలి రెండో పక్క నుంచి వచ్చేలా పడవ తిప్పి), బరువు లేని వైపు కారుని మూరెడు ముందుకు జరిపి మళ్లీ టాక్ కొట్టాం. ఆ చప్పుడు ఆగిపోయింది.

లంగరు:
దీనికి మాత్రం నేను ఒప్పుకోను. గాలి పెరిగితే కారు వెనక్కి జరిపి పైభాగం కావాలనే వదులు చేస్తాం కదా? ఒరగడం తగ్గేది దానివల్లే.

చుక్కాని:
అది నిజమేనండీ. కాకపోతే చుట్టిన తర్వాత సరైన చోటు ఏదో తెలిశాక, అక్కణ్నుంచి రెండు రంధ్రాలు వెనక్కి. చుట్టకముందు ఉన్న చోటు నుంచి కాదు. మెత్తగా తెరుచుకోవడం వేరు, చాప కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటే కుట్లు ఊడతాయి.

లంగరు:
సరే, అది ఒప్పుకుంటాను. 135కి ఇన్‌హాలర్ మాటా వెనక్కి తీసుకుంటున్నాను. ష్రౌడ్స్ దాటని జిబ్ కుట్టించుకుంటే మాత్రం ఇన్‌హాలర్ పనికొస్తుంది, ఆ మాట మీదే ఉంటాను. అప్పుడైనా అలలున్న రోజు వదిలేయాలి. అల తగిలి వేగం పడిపోయాక ఇరుకు కోణంతో తేరుకోవడం కష్టం.

తెరచాప:
నిన్న వెళ్లొచ్చాం. పై టెల్‌టేల్ ముందు ఆడింది. కారు మూడు రంధ్రాలు ముందుకు జరిపితే మూడూ కలిశాయి. ఆ రంధ్రం దగ్గర టేపు అంటించాను. వచ్చే వారం కొంత చుట్టి, రెండో టేపు ఎక్కడో చూస్తాం. డెక్‌కి రంధ్రాలు ఇప్పుడు వేయడం లేదు. ఒక్కటి అడగాలి: గాలి పక్కనుంచి వచ్చేటప్పుడు షీట్‌ని డెక్ అంచు రెయిల్ దాకా బయటికి తీయడానికి స్నాచ్ బ్లాక్ (పక్కకి తెరుచుకునే కప్పీ) ఒక్కటి సరిపోతుందా?

చుక్కాని:
సరిపోతుంది. టో రెయిల్‌కి (ఆ డెక్ అంచు రెయిల్‌కే) తగిలించి రెండో షీట్ అందులోంచి పోనివ్వండి. బరువు దాని మీదికి వచ్చాకే మొదటిది వదలండి.