కొండల్లేని మన ఊళ్లలో అమ్మాయిల్ని స్టేజ్ రేసుకి ఎలా తయారు చెయ్యాలి?

కావలి పెడల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాలేజీలో చదివే ఆరుగురు అమ్మాయిలున్నారు, అందరివీ రోడ్ బైకులే. గంటకి 28 కిలోమీటర్ల లెక్కన 80 కిలోమీటర్లు తొక్కగలరు. టూర్ ద ఫ్రాన్స్ ఫామ్ (ఆడవాళ్ల టూర్ ద ఫ్రాన్స్) చూసినప్పట్నించీ వాళ్లకి స్టేజ్ రేసు మీద, అంటే రోజుకో స్టేజ్ తొక్కి అన్ని రోజుల టైమూ కలిపి గెలుపు తేల్చే రేసు మీద మనసు పడింది. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందే మూడు రోజుల సాధన రేసు పెట్టాలని ఉంది. మొదటి రోజు కావలి నుంచి సింగరాయకొండ వైపు వెళ్లి వచ్చే 70 కిలోమీటర్లు, రెండో రోజు 12 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే విడిగా గడియారంతో పోటీ), మూడో రోజు గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్.

స్టేజ్ రేసు కొండల మీదే తేలిపోతుంది, మన బల్లపరుపు నేలలో తొక్కేవాళ్లు ఎంత కష్టపడినా లాభం లేదు అంటున్నారు. అది ఎంతవరకు నిజం? టైమ్ లెక్క ఎలా కట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సెకన్ల లెక్క (జవాబు)

కొండ మీదే తేలిపోతుందనే మాట సగమే నిజం. 2024 టూర్ ద ఫ్రాన్స్ ఫామ్ చూడండి. చివరి స్టేజ్ ఆల్ప్ దుయెజ్ మీద. 13.8 కిలోమీటర్ల ఎక్కుడు, సగటు వాలు 8.1 శాతం. ఆ కొండ మీద గెలిచింది డెమి వోలరింగ్, కాషా నివ్యాదోమా కంటే 1 నిమిషం 1 సెకను ముందు చేరింది. గెలిచినందుకు 10 సెకన్ల బోనస్ కూడా వచ్చింది, అంటే మొత్తం టైములోంచి అంత తగ్గిస్తారు. అయినా మొత్తం రేసు గెలిచినవాళ్లకిచ్చే పసుపు జెర్సీ నివ్యాదోమాదే, తేడా 4 సెకన్లు. ఎందుకంటే ఆ ఉదయం ఆమె 1 నిమిషం 15 సెకన్ల ఆధిక్యంతో బయల్దేరింది. ఆ ఆధిక్యం వచ్చింది ఆమ్నెవిల్‌లో ముగిసిన ఐదో స్టేజ్‌లో. అక్కడ వోలరింగ్ కింద పడి, గెలిచిన బ్లాంకా వాష్ కంటే 1 నిమిషం 47 సెకన్లు వెనకబడింది. అదే స్టేజ్‌లో రెండో స్థానానికి నివ్యాదోమాకి 6 సెకన్ల బోనస్ దక్కింది. మొత్తం రేసు తేడా కంటే ఆ ఒక్క బోనసే ఎక్కువ!

వోలరింగ్ ఇంకాస్త ముందుకెళ్లాక పడుంటే నష్టమే ఉండేది కాదు. చివరి 3 కిలోమీటర్లలో పడినా, సైకిల్ చెడినా, అప్పుడు ఏ గుంపులో ఉన్నారో ఆ గుంపు టైమే ఇస్తారు. ఆమె పడింది ఆ గీతకి ముందు. ఈ సడలింపు కొండపైన ముగిసే స్టేజ్‌కీ, టైమ్ ట్రయల్‌కీ వర్తించదు. మీ మొదటి రోజు రేసులో కూడా 3 కిలోమీటర్ల గుర్తు రోడ్డు పక్కన బోర్డు పెట్టి మరీ చూపించండి, లేకపోతే సాయంత్రం తగాదా తప్పదు.

ఇక టైమ్ కట్టే పద్ధతి. గుంపుగా వచ్చినవాళ్లందరికీ ఆ గుంపులో మొదటామె టైమే. ముందున్నామె వెనక చక్రానికీ, తర్వాతామె ముందు చక్రానికీ మధ్య 1 సెకను ఖాళీ ఉంటే కొత్త టైమ్ మొదలు. స్ప్రింట్‌తో ముగుస్తాయనుకున్న స్టేజీలకి ఆ ఖాళీని 3 సెకన్లకి పెంచుతారు, వెనకవాళ్లు సెకను కోసం ప్రాణాల మీదకి తెచ్చుకోకుండా. మీ ఆరుగురికీ 3 సెకన్ల రూలే పెట్టండి.

స్టాప్‌వాచీతో కట్టొద్దు, ఇద్దరు కలిసి చేరితే వేలు తడబడుతుంది. ముగింపు గీతకి సరిగ్గా ఎదురుగా స్టాండ్ మీద ఫోన్ పెట్టి, సెకనుకి 60 ఫ్రేముల వీడియో తియ్యండి. సెకన్లు చూపించే గడియారం ఫ్రేములో కనపడాలి. మొదలుపెట్టేటప్పుడు కూడా అదే గడియారం చూసి జెండా ఊపండి. 10, 6, 4 సెకన్ల బోనస్‌లు పెద్ద రేసులకి బాగుంటాయి గానీ ఆరుగురిలో అవి రేసునే మింగేస్తాయి. 3, 2, 1 చాలు.

తూర్పుగాలి

పైన చెప్పిన లెక్కకి ఇంకోటి కలపండి. కొండ తర్వాత టైమ్ ఎక్కువగా చెదిరేది పక్కగాలిలో. ఆ విషయంలో మన కోస్తాకి మించిన బడి లేదు. కావలి, సింగరాయకొండ రోడ్డు తీరం వెంబడే ఉత్తరంగా పోతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి అందుకుంటే సరిగ్గా పక్కనుంచి కొడుతుంది. పొద్దున 6 గంటలకి రేసు పెడితే ఆ గాలి అసలు దొరకదు, గమనించండి.

ఎదురుగాలిలో ఒకరి వెనక ఒకరు దాక్కుంటే సరిపోతుంది. పక్కగాలిలో గాలి తగలని ఆ నీడ వెనక ఉండదు, ఏటవాలుగా పక్కకి జరుగుతుంది. అందుకే వాలు వరుస కడతారు, దాన్నే ఎషెలాన్ అంటారు. గాలి కుడినుంచి వస్తోందనుకోండి. ముందు అమ్మాయి కుడివైపు ఉంటుంది. రెండో అమ్మాయి ఆమెకి ఎడమగా, కాస్త వెనగ్గా, తన ముందు చక్రం ఆమె వెనక చక్రం పక్కకి వచ్చేలా తొక్కుతుంది. ఇలా రోడ్డు ఎడమ అంచు దాకా. ముందామె 15, 20 సెకన్లు లాగి, గాలి వచ్చే వైపుకే తప్పుకుని వేగం గంటకి ఒక కిలోమీటరు తగ్గించుకుంటుంది. గాలి లేని వైపు తప్పుకుంటే వెనకామె చక్రానికి తన చక్రం తగిలి ఇద్దరూ పడతారు. అందరూ పడేది ఇక్కడే.

ఒక లేన్ రోడ్డులో నలుగురు, మహా అయితే ఐదుగురు పడతారు. ఆరో అమ్మాయికి అంచున నీడ దొరకదు, ముందామె వెనకే వేలాడి పది నిమిషాల్లో ఊపిరి అయిపోయి తెగిపోతుంది. ఆమె చెయ్యాల్సింది వేలాడటం కాదు, వెంటనే రెండో వాలు వరుస మొదలుపెట్టడం. పెద్ద రేసుల్లో గుంపు ముక్కలయ్యేది ఇలాగే. కాబట్టి రోడ్డు ఎక్కడ మలుపు తిరిగి గాలి పక్కకి మారుతుందో ముందురోజే చూసి రాసుకోవాలి. ఆ మలుపుకి 2 కిలోమీటర్ల ముందే మొదటి నలుగురిలోకి వచ్చెయ్యాలి.

ఇది హైవే మీద నేర్పొద్దు. లారీ దాటినప్పుడల్లా గాలి ఒక్కసారి ఆగి మళ్లీ కొడుతుంది, సైకిల్ అడుగున్నర పక్కకి పోతుంది. బండ్లు రాకుండా ఆపగలిగిన లోపలి రోడ్డు మీద, మొదట ఇద్దరితో, చక్రాలు పక్కపక్కన ఉన్నా భయపడకుండా తొక్కడం వచ్చాక నలుగురితో.

కొండకి బదులు ఎదురుగాలి వాడుకోండి. మధ్యాహ్నం దాటాక నెల్లూరు నుంచి మైపాడు వైపు వెళ్తే గాలి ముఖానికే. పెద్ద గేరు వేసి, నిమిషానికి 60, 65 తొక్కుళ్లతో 12 నిమిషాలు, మధ్యలో 6 నిమిషాల తేలిక, ఇలా మూడుసార్లు. కూర్చునే తొక్కాలి. మోకాలు నొప్పిస్తే ఆపెయ్యాలి, సీటు ఎత్తు చూసుకోవాలి.

అయితే దిగుడు మాత్రం గాలితో రాదు. దానికి ఘాట్ కావాల్సిందే. మలుపుకి ముందే బ్రేకు, మలుపులో బయటి పెడల్ కిందికి, చేతులు హ్యాండిల్ కింది వంపులో. మూడో రోజు స్టేజ్‌ని ఎక్కుడు చివరే ముగించండి, దిగుడులో రేసు వద్దు. ఆ రోడ్డు మీద లారీలుంటాయి, మలుపు అవతల ఏముందో కనపడదు.

ఒంగోలు స్పోక్

మన వైపు రేసు పాడుచేసేది సర్కారు తుమ్మ ముల్లు. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా దూది తిప్పండి, ముల్లు మొన ఉంటే దూది తగులుకుంటుంది. ఈ పని మానేస్తే కొత్త ట్యూబు రెండు కిలోమీటర్లలో పోతుంది. ట్యూబ్‌లెస్ 28 మిల్లీమీటర్ల టైరుకి 40 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లు పడితే మూసే ద్రవం) పొయ్యండి. మన వేడికి రెండు నెలల్లో ఎండిపోతుంది, రేసుకి వారం ముందు విప్పి చూడాల్సిందే. టైరులో గాలి 55 కిలోల అమ్మాయికి ట్యూబుతో 70 పీఎస్ఐ, ట్యూబ్‌లెస్‌కి 58 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. చీమకుర్తి చుట్టుపక్కల రోడ్డు వద్దు, గ్రానైట్ లారీల నుంచి రాలిన చిప్స్ టైరు పక్కగోడని కోసేస్తాయి.

పక్కగాలి రోజున ముందు చక్రం రిమ్ లోతు 40 మిల్లీమీటర్లు దాటకూడదు. తీరం దగ్గర తొక్కిన సాయంత్రం గొలుసుని మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వెయ్యండి.

కావలి పెడల్

చాలా సంతోషం అండి, పక్కగాలి సంగతి అసలు అనుకోలేదు. మూడు రోజులు వరసగా తొక్కాలంటే తిండి ఎలా? రెండో రోజుకే ఇద్దరు డీలా పడిపోతారేమోనని భయంగా ఉంది.

పెన్నా గట్టు

డీలా పడేది రెండో రోజు తినక కాదమ్మా, మొదటి రోజు తినక. రేసులో గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి, ఆకలి వేసినా వెయ్యకపోయినా, మొదటి 20 నిమిషాల నుంచే. 750 మిల్లీలీటర్ల సీసాలో 45 గ్రాముల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. దాంతోపాటు గంటకి ఒక అరటిపండు తింటే లెక్క సరిపోతుంది. ఎండెక్కితే గంటకి ఒక సీసా మొత్తం తాగాలి. పెద్ద జట్లు అన్నం ముద్దలే కాగితంలో చుట్టి జేబులో ఇస్తాయి. మనకి అదేం కొత్త? గంజి వార్చకుండా మెత్తగా వండి, బెల్లం కలిపి, పళ్లెంలో అదిమి చల్లారాక ముక్కలు కొయ్యండి. కొబ్బరి, నెయ్యి ఎక్కువైతే కడుపులో బరువు. రేసు రోజు కొత్తది ఏదీ పెట్టొద్దు, నెల ముందు నుంచే సాధనలో తినిపించండి. కడుపుకి కూడా అలవాటు కావాలి.

ముగిసిన అరగంటలో కిలో బరువుకి ఒక గ్రాము పిండిపదార్థం, 20 గ్రాముల ప్రొటీన్. పెరుగన్నం, రెండు గుడ్లు చాలు. తొక్కేముందూ తర్వాతా బరువు చూడండి. కిలో తగ్గిందంటే తాగినదానికి పైన ఇంకో లీటరు చెమట పోయినట్టు. 50 కిలోల అమ్మాయి కిలోకి మించి తగ్గుతోందంటే మర్నాడు సీసాలు పెంచాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. బరువు తగ్గితే కొండ బాగా ఎక్కుతామని అమ్మాయిలు తిండి మానేస్తుంటారు. నెలసరి తప్పిందంటే అది గట్టిగా సాధన చేస్తున్నారనడానికి గుర్తు కాదు, శరీరానికి తిండి చాలట్లేదని అర్థం. ఎముకలు పెళుసెక్కుతాయి. వరసగా మూడు నెలలు రాకపోతే రేసు సంగతి పక్కనపెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాలి. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) తక్కువ ఉండొచ్చు, రెండూ పరీక్ష చేయించండి. ప్యాడ్ ఉండే సైక్లింగ్ షార్ట్స్ లోపల లోదుస్తులు వద్దు, రాపిడికి పుండ్లు పడేది వాటి కుట్ల వల్లే. రోజుకో ఉతికిన జత, ముగియగానే మార్చుకోవాలి.

సెకన్ల లెక్క

టైమ్ ట్రయల్ గురించి ఒకటి. వెనకబడిన అమ్మాయి ముందు, ఆధిక్యంలో ఉన్నామె చివర, నిమిషానికొకరు. ఆరుగురే కాబట్టి ఉదయం 7 లోపు మొదలుపెడితే గాలి అందరికీ ఒకేలా ఉంటుంది. ఆ రోజు మాత్రం సెకనులో పదో వంతు దాకా రాయండి. మొత్తం టైమ్ సమానమైతే ఆ వంతులే తేలుస్తాయి. ఇంకోటి, వెంట వచ్చే బండి బాగా దూరంగా వెనకే ఉండాలి. రోడ్డు స్టేజీల్లో కూడా బండి వెనక దాక్కుని గుంపుని అందుకోవడం కుదరదు. 2023లో వోలరింగ్‌కి అందుకే 20 సెకన్ల జరిమానా పడింది. డ్రైవరుకి ముందే చెప్పి పెట్టండి.