నాన్న షష్టిపూర్తికి అల్ మహాలో ఒక రాత్రి: ఇంత డబ్బు పెట్టొచ్చా?

శిరీష_అబుదాబి
అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వస్తున్నారు. నాన్నకు అరవై నిండుతాయి. దుబాయ్ నుంచి అల్ ఐన్ వెళ్లే దారిలో ఎడారి అభయారణ్యం లోపల అల్ మహా రిసార్ట్ ఉంది కదా, వాళ్లిద్దరినీ అక్కడ ఒక రాత్రి ఉంచుదామని మావారు అంటున్నారు. ఒక్కో సూట్‌కి సొంత పూల్. భోజనాలు అద్దెలోనే. రాత్రికి రెండు కార్యక్రమాలు కూడా అందులోనే వస్తాయి: ఒంటె సవారీ, డేగల ప్రదర్శన, బండిలో తిప్పి జంతువులను చూపించడం, ఇలా ఏవైనా రెండు. చిన్నపిల్లల్ని రానివ్వరు, మా బాబుకి నాలుగేళ్లు, కాబట్టి మేం వెళ్లడం కుదరదు. వాళ్లిద్దరే ఉండాలి. మేం అడిగిన తేదీకి ఆరువేల దిర్హమ్‌లు చెప్పారు. మా ఆడపడుచు మాత్రం "ఇసుక చూడటానికి ఇంతా?" అని నవ్వుతోంది. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఆరువేలంటే మన డబ్బుల్లో లక్షన్నరకు దగ్గర. ఒక్క రాత్రికి. ఇంకేం చెప్పను.

ఇసుకదారి
శిరీష గారూ, నేను చాలా ఏళ్లు ఈ ఎడారిలో టూరిస్టు బండి నడిపినవాణ్ణి, అందుకని ఉన్నమాట చెబుతున్నా. అక్కడ కనబడే ఓరిక్స్‌లు, అదే ఆ పొడుగు కొమ్ముల ఎడారి జింకలు, అడవి జంతువులు కావు. చుట్టూ కంచె, లోపల మేత, తొట్లలో నీళ్లు. అవి తీరిగ్గా పూల్ దగ్గరికి వస్తే జనం ఫోటో తీసి "వన్యప్రాణితో నా ఉదయం" అని పెట్టుకుంటారు. మేత తినే జంతువును చూడాలంటే మా ఊళ్లో గేదెలున్నాయి, లక్షన్నర అక్కర్లేదు. అడవి జంతువంటే రోజంతా వెతికినా దొరకకపోవాలి. ఇది పెద్ద జూ, మధ్యలో హోటల్. అంతే.

జమ్మికొమ్మ
"జూ మధ్యలో హోటల్" అనడం తేలిక. అసలు హోటల్ ముందు వచ్చిందని, దాని చుట్టూ అభయారణ్యం పెరిగిందని మీకు తెలుసా? అల్ మహా 1999లో మొదలైంది. అప్పుడు రక్షిత ప్రాంతం 27 చదరపు కిలోమీటర్లే. 2003 నాటికి అది 225 చదరపు కిలోమీటర్ల దుబాయ్ ఎడారి సంరక్షణ ప్రాంతం అయింది. దుబాయ్ ఎమిరేట్ మొత్తం నేలలో సుమారు 5 శాతం. మిగతా నేల ఏమైందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారుగా: రోడ్లు, విల్లాలు, క్వాడ్ బైకుల చక్రాల గుర్తులు.

ఇక ఓరిక్స్ సంగతి. ప్రకృతిలో మిగిలిన చివరి అరేబియన్ ఓరిక్స్‌ని ఒమన్‌లో 1972లో చంపేశారు. అంతకు పదేళ్ల ముందే, 1962లో, కొన్నింటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూకి చేర్చబట్టి జాతి నిలిచింది. 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ వదిలారు. 2011లో ఏ జాతికి ఎంత ప్రమాదమో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని "అంతరించే ప్రమాదం" జాబితా నుంచి ఒక మెట్టు దించింది. ప్రకృతిలో పూర్తిగా అంతరించిపోయిన జంతువు అంతవరకు కోలుకోవడం అదే మొదటిసారి. కాబట్టి ఇప్పుడు భూమ్మీద ఉన్న అరేబియన్ ఓరిక్స్‌లన్నీ ఒకప్పుడు మనిషి పెట్టిన మేత తిన్నవాటి సంతానమే. మీ నిర్వచనం పట్టుకుంటే వాటిలో ఒక్కటి కూడా అడవిది కాదు.

ఇసుకదారి
అంత చరిత్ర వద్దండీ. మేత వేస్తారా, వెయ్యరా? ఒక్క ముక్కలో చెప్పండి.

కోనసీమ_కుర్రాడు
అన్నా, దుబాయ్ ఎడారిలోనే ఉన్న అల్ ఖుద్రా చెరువుల దగ్గరికి వెళ్లండి. ఫ్రీ. ఓరిక్స్‌లు అక్కడా కనబడతాయి. బిర్యానీ డబ్బా తీసుకెళ్తే ఇంకా హాయి.

జమ్మికొమ్మ
వేస్తారు. దాచాల్సిన విషయమేం కాదు. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన కూడా పడని నేల ఇది. పూర్వం ఓరిక్స్ వాన పడిన చోటు వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోయేది. ఇప్పుడు ఎటు నడిచినా ఆరు వరుసల హైవే అడ్డం. పైగా లోపల వాటి సంఖ్య బాగా పెరిగింది, వాటిని తినే తోడేళ్లు లేవు. మేత ఆపితే ఉన్న కాస్త పచ్చికనూ పొదలనూ వేళ్లతో సహా నమిలేస్తాయి. కంచె తీసేద్దామంటారా? ఒమన్ సంగతి చూడండి. అక్కడి ఓరిక్స్ అభయారణ్యం 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1996లో 450 ఓరిక్స్‌లు ఉండేవి. దొంగ వేటతో 65కి పడిపోయాయి. చమురు వెతుకులాట కోసం ప్రభుత్వం అభయారణ్యాన్ని 90 శాతం కుదించేసింది. 2007లో యునెస్కో జాబితా నుంచి తీసేసింది. ఆ జాబితా నుంచి తొలగించిన మొట్టమొదటి చోటు అదే.

ఇసుకదారి
అంటే వేస్తారన్నమాట. నేనన్నదీ అదే.

జమ్మికొమ్మ
ఇంత రాస్తే మీకు ఆ ఒక్క మాటే కనబడిందా?

ఇసుకదారి
నేను అడిగింది ఆ ఒక్క మాటే కదండీ.

బీచ్‌రోడ్
శిరీష గారూ, వీళ్ల గొడవ వీళ్లది గానీ, నాకో సందేహం. మీ అమ్మానాన్నలకు ఇంగ్లీష్ వచ్చా? జంతువులను చూపించే గైడ్ చెప్పేది అర్థం కాకపోతే సగం డబ్బు దండగ. హిందీ వస్తే పర్వాలేదు, దుబాయ్ హోటళ్లలో హిందీ మాట్లాడేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి.

లెక్కల_మాస్టారు
పాత ల్యాండ్ రోవర్లలో ఇదే అభయారణ్యంలోకి తీసుకెళ్లే కంపెనీలున్నాయి, ప్లాటినమ్ హెరిటేజ్ లాంటివి. సాయంత్రం తిప్పి, రాత్రి భోజనం పెట్టి దింపేస్తారు. ఈ ధరలో చిన్న వంతుకి అయిపోతుంది. అదే ఇసుక, అవే జంతువులు. పడుకోవడానికి మీ ఇంట్లో మంచం ఉందిగా.

జమ్మికొమ్మ
మాస్టారూ, అదే ఇసుక కాదు. అభయారణ్యాన్ని భాగాలు చేశారు. ఒక భాగంలోకి ఎవరినీ పోనివ్వరు. రిసార్ట్ అతిథుల భాగం వేరు, అనుమతి ఉన్న టూర్ కంపెనీలది వేరు. అయినా మీరు చెప్పింది మంచి సలహానే, కాదనను.

కోనసీమ గారూ, అల్ ఖుద్రా గురించి మాత్రం ఒక మాట. శీతాకాలంలో శుక్రవారం రాత్రి గడిచాక శనివారం పొద్దున్నే వెళ్లి చూడండి. బొగ్గుల కుప్పలు, ఫాయిల్ డబ్బాలు, గాఫ్ చెట్టుకు కట్టి వదిలేసిన తాళ్లు. గాఫ్ అంటే వేరేదో కాదు, మన జమ్మి చెట్టే. ఈ దేశానికి జాతీయ వృక్షం, తెలంగాణకు రాష్ట్ర వృక్షం. దసరాకి దండం పెట్టి ఆకు జేబులో పెట్టుకునేవాళ్లే ఇక్కడ దాని మొదట్లో నిప్పులు పోస్తారు. నేను చెత్త ఏరడానికి వెళ్లే బృందంలో ఉన్నాను. ఒకసారి మనవాళ్ల పిక్నిక్ జరిగిన చోట పులిహోర అంటుకున్న ప్లేట్లు ఏరుకున్నాను. ఓరిక్స్‌కి బిస్కెట్లు పెట్టే మహానుభావులూ ఉన్నారు. అందుకే, నన్ను తిట్టుకున్నా సరే, ధర ఎక్కువ ఉండటమే మంచిది. 40 పైచిలుకు సూట్లు, అంతమందే జనం, వెంట గైడ్. నేల బతుకుతుంది.

ఇసుకదారి
ఇప్పుడొచ్చింది అసలు మాట. మేత, కంచె, యునెస్కో అన్నీ అయ్యాక చివరికి తేలింది ఏంటంటే, డబ్బు లేనివాడు ఎడారిలోకి రాకూడదు.

మేడమ్ గారూ, నేను ఈ దేశం తోటపని వీసా మీద వచ్చాను. దిగాక మజ్రాలో, అంటే ఒంటెలు పెంచే చోట, వేశారు. పాస్‌పోర్ట్ అర్బాబ్ (యజమాని) దగ్గర. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని రూల్ ఉందని ఎవరో చెబితే నవ్వుకున్నాం. ఇసుకలో అంత లోపలికి చూడటానికి వచ్చేదెవరు? ఒంటెలకు నీళ్ల ట్యాంకర్ వచ్చాకే మాకు నీళ్లు. పారిపోయి ఖల్లివల్లి (కాగితాలు లేనివాడు) అయి, ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చిన ఆమ్నెస్టీలో కాగితాలు సరిచేసుకుని, డ్రైవింగ్ నేర్చుకుని టూరిస్టు క్యాంపులో చేరా. అక్కడ "సంప్రదాయ బెడూయిన్ రాత్రి" అని అమ్మేవాళ్లు. బెడూయిన్ అంటే ఎడారిలో తిరిగే అరబ్బులు. వంట మలయాళీది, ఒంటె పట్టేది పాకిస్తానీ, బండి నాది. ఒక తెల్లాయన నన్ను "మీ పూర్వీకులు ఇక్కడే తిరిగేవాళ్లా?" అని అడిగాడు. మాది జగిత్యాల అని ఎలా చెప్పను?

మీరు చెత్త ఏరారు, మంచిది. మేం ఆ ఎడారిలోనే బతికాం. అప్పుడు మా దగ్గర ఎవరూ టికెట్ అడగలేదు.

జమ్మికొమ్మ
మీరు పడ్డ కష్టం చిన్నది కాదు, నిజంగా బాధేసింది. కానీ దానికీ నేనన్నదానికీ సంబంధం ఏంటి? మీ అర్బాబ్ చేసిన దుర్మార్గానికి ఓరిక్స్ ఏం చేసింది? మనుషులు అదుపు లేకుండా వస్తే నేల పాడవుతుంది అన్నాను. పేదవాళ్లు పాడుచేస్తారని అనలేదు.

ఇసుకదారి
"ధర ఎక్కువ ఉండటమే మంచిది" అన్నారు. ధర ఆపేది ఎవరిని? షేకుల్నా?

సరే, మీ చరిత్రే తీద్దాం. 1972లో ఆ చివరి ఓరిక్స్‌ల మీద కాల్పులు జరిపిందెవరు? ఒంటెలు కాసుకునేవాళ్లు కాదు. మోటారు బళ్లేసుకుని వేటకొచ్చినవాళ్లు. ఒమన్‌లో దొంగలు వాటిని ప్రాణాలతో పట్టిందెందుకు? సొంత తోటల్లో పెంచుకునే డబ్బున్నవాళ్లకు అమ్మడానికి. ఒంటె మీద తిరిగిన బెడూయిన్ వందల ఏళ్లు వాటి పక్కనే బతికాడు. అప్పుడు ఓరిక్స్ అంతరించలేదు. బండీ, తుపాకీ, డబ్బూ కలిశాకే అంతరించింది. ఇప్పుడు ఆ డబ్బునే కాపలా పెట్టి "చూశారా, ఎంత బాగా కాపాడుతోందో" అంటున్నారు మీరు.

కోనసీమ_కుర్రాడు
అన్న చెప్పినదాంట్లో పాయింట్ ఉంది.

జమ్మికొమ్మ
అవును, ఉంది. ఒప్పుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు. కానీ ఆ డబ్బున్నవాడిని ఈ కంచె లోపల ఆపింది నియమమే కదా? లోపల తుపాకీ లేదు, ఇష్టమొచ్చినట్టు బండి తిప్పడం లేదు. షేక్‌కైనా మనకైనా అదే. మీరు బయట నడిపిన డ్యూన్ బాషింగ్‌లో, అదే ఇసుక దిబ్బల మీద బళ్లు పరుగెత్తించే సవారీలో, ఆ నియమం ఉండేదా? ఒక సాయంత్రానికి ఎన్ని బళ్లు దిబ్బలెక్కి దిగేవి? డాబ్ బల్లుల బొరియల మీదుగా టైర్లు పోయేవా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి, మీ పద్ధతిలోనే.

ఇసుకదారి
పోయేవి. నేను నడపకపోతే ఇంకొకడు నడిపేవాడు. నాకు ఇంటికి డబ్బు పంపాలి.

జమ్మికొమ్మ
మరి?

ఇసుకదారి
మరి ఏంటి? ఆ బళ్లకు పర్మిట్ ఇచ్చినవాళ్లను అడగండి, డ్రైవర్‌ని కాదు.

బీచ్‌రోడ్
జనం తక్కువ ఉండాలంటే ధరే పెంచాలా? రోజుకు ఇంతమందని లెక్క పెట్టి, ముందు పేరిచ్చుకున్నవాళ్లను తక్కువ టికెట్‌తో పంపొచ్చు. లాటరీ తియ్యొచ్చు. మీరిద్దరూ అటు లక్షన్నర, ఇటు ఫ్రీ అని రెండు కొసలు పట్టుకుని లాగుతున్నారు.

జమ్మికొమ్మ
లాటరీ పెడితే గైడ్ జీతం, కాపలా, మేత ఖర్చు ఎవరిస్తారు?

ఇసుకదారి
మళ్లీ మేత దగ్గరికే వచ్చాం.

నిర్వాహకుడు
వ్యక్తిగత ప్రశ్నలు ఇక చాలు. శిరీష గారు అడిగినదానికి జవాబులివ్వండి. లేదంటే "ఎడారి, డబ్బు" అని వేరే చర్చ మొదలుపెట్టుకోండి.

శిరీష_అబుదాబి
అమ్మయ్య! నేను అడిగింది నాకే గుర్తులేకుండా పోయింది.

ఇసుకదారి అన్నా, మీకు ఒకటి చెప్పాలి. మా నాన్న కూడా ఒకప్పుడు ఇక్కడ చేసినవారే. ఫుజైరా వైపు రోడ్డు పనుల్లో, తట్టలు మోయడం దగ్గర మొదలుపెట్టి మేస్త్రీ అయ్యారు. అందుకే నాకు భయం. ఆయన్ని తీసుకెళ్లి అదే ఇసుకలో పూల్ పక్కన కూర్చోబెడితే సంతోషిస్తారా, లేక మనసు చివుక్కుమంటుందా అని. మొహమాటపడుతూ నిన్న ఫోన్‌లో అడిగేశాను. ఆయన తిరిగి అడిగింది ఒక్కటే: "ఏసీ గదేనా?" అమ్మ అడిగింది మాత్రం ఒంటె ఎక్కాలా అని. ఆమెకు మోకాళ్ల నొప్పి.

ఇసుకదారి
చెల్లెమ్మా, ఆ ముక్క ముందే చెప్పాల్సింది. అమ్మను ఒంటె ఎక్కించొద్దు. అది లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది, మనిషి ముందుకు తూలతాడు. అలవాటు లేనివాళ్లకు నడుం పట్టేస్తుంది. రెండింటిలో ఒకటి పొద్దున్నే బండిలో తిరిగేది పెట్టించండి, ఎండెక్కితే జంతువులు నీడ పట్టుకుంటాయి. రెండోది డేగలది, కూర్చునే చూడొచ్చు. డిసెంబర్ రాత్రి చలి ఉంటుంది, నాన్నకు తెలిసే ఉంటుంది గానీ శాలువా పంపండి. పంపాలా వద్దా అంటే, ఏసీ అడిగిన మనిషికి రావాలని ఉన్నట్టే.

జూ అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోను.

జమ్మికొమ్మ
తీసుకోకండి. పొద్దున తిరిగేటప్పుడు గాఫ్ చెట్ల దగ్గర ఆపమని గైడ్‌కి చెప్పండి శిరీష గారూ. మీ అమ్మగారు చూడగానే గుర్తుపడతారు. పాలపిట్ట కూడా ఈ దేశంలో ఉంటుంది, వైర్ల మీద చూస్తూ ఉండమనండి. దానికి ఎవరూ మేత వెయ్యరు.

ఇసుకదారి
కదా? అదీ అడవి పక్షంటే.

లెక్కల_మాస్టారు
ఆరువేలు అన్నారు. ట్యాక్సులు, సర్వీస్ ఛార్జీ కలిపా, విడిగానా?

శిరీష_అబుదాబి
విడిగా మాస్టారూ.

లెక్కల_మాస్టారు
నాకు తెలుసు.