టీవీ యూనిట్‌లో పెట్టిన ఫ్యాన్‌కి సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ వాడొచ్చా?

వేళచ్చేరి అద్దిల్లు:
అందరికీ నమస్తే. మేముండేది చెన్నైలో, అద్దిల్లు. హాల్లో చెక్క టీవీ యూనిట్ ఉంది, కింది అరలో ఏవీ రిసీవర్ (స్పీకర్లకి సౌండిచ్చే ఆంప్లిఫయర్ పెట్టె), సెట్‌టాప్ బాక్స్, రౌటర్ మూడూ కుక్కేశాం, మా చిన్నది బటన్లన్నీ నొక్కేస్తోందని తలుపు మూసే ఉంచుతాం. సాయంత్రం రెండు గంటలు పాటలు పెడితే చాలు, తలుపు తీయగానే మొహమ్మీదికి సెగ కొడుతోంది, మొన్నయితే రిసీవర్ దానంతటదే ఆగిపోయింది. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్లి 230 వోల్టుల ఇనుప బాడీ ఫ్యాన్ ఒకటి తెచ్చా. గాలి బాగానే లాగుతోంది గానీ సౌండు మాత్రం పిండి మరే. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించేస్తే సరిపోద్ది అన్నాడు. నాకెందుకో ధైర్యం చాలట్లేదు. సేఫ్‌గా స్పీడ్ తగ్గించే దారేమన్నా ఉందా?

పాత స్క్రూడ్రైవర్:
వద్దండీ బాబూ. ఇంట్లో రెగ్యులేటర్‌లో ఉండే కెపాసిటర్లు సీలింగ్ ఫ్యాన్ మోటర్‌ని లెక్కేసుకుని పెట్టినవి, మీ చిన్న ఫ్యాన్ మోటర్ వేరే జాతి, దానికి వోల్టేజ్ తగ్గిస్తే కొంతదాకా తిరిగి తర్వాత మొరాయిస్తుంది, తిరక్కుండా కరెంటు తాగుతూ కూర్చుంటే వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్ట) వేడెక్కుతుంది, అదీ చెక్క పెట్టెలో, తలుపేసి. లైట్ డిమ్మర్ పెడితే పైగా జుయ్యిమని మోత కూడా. ఆ ఫ్యాన్ పక్కన పడేసి కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల 120 ఎంఎం ఫ్యాన్ తీసుకోండి, రూటర్ అడాప్టర్ లాంటి 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ చాలు, ఫ్యాన్ తినేది మహా అయితే రెండు మూడు వాట్లు. స్పీడ్ ఏం తగ్గించినా అడాప్టర్ తర్వాత, ఆ 12 వోల్టుల వైపే తగ్గించాలి. అడాప్టర్‌కి ముందు రెగ్యులేటర్ పెట్టే మహానుభావులు కూడా ఉన్నారు, అడాప్టర్ పోతుంది.

సోల్డర్ వాసన:
పైన చెప్పింది కరెక్టే. నాలుగు పిన్నుల ఫ్యాన్ కొంటే ఇంకా హాయి. నాలుగో తీగ స్పీడ్ చెప్పడానికే, ఫ్యాన్‌కి 12 వోల్టులు ఎప్పుడూ నిండుగా వెళ్తాయి, ఆ తీగలో వెళ్లే సిగ్నల్ 25 కిలోహెర్ట్జ్ కాబట్టి మన చెవికి వినపడదు. నాబ్ ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డులు దొరుకుతాయి. ఆ నాలుగో తీగ ఊడిపోయినా ఫ్యాన్ ఆగదు, ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది, నాకు నచ్చేది అదే.
మూడు పిన్నులదైతే బక్ కన్వర్టర్‌తో (డీసీ వోల్టేజ్ తగ్గించే చిన్న బోర్డు) 7 వోల్టుల దగ్గర పెట్టుకో బ్రో, ఫ్యాన్ తగిలించకముందే మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూసుకుని. ఒక్క మాట, తిరుగుతున్న ఫ్యాన్ 4, 5 వోల్టులకి కూడా తిరుగుతూ ఉండొచ్చు గానీ ఆపి మళ్లీ వేస్తే కదలకపోవచ్చు. నాలుగైదు సార్లు ఆపి వేసి చూసి ఫిక్స్ చెయ్.

గాలి దారి:
అందరూ స్పీడ్ గురించే మాట్లాడుతున్నారు, అసలు ఆ పెట్టెలోకి గాలి ఎక్కణ్నుంచి వస్తుందో అడిగారా? కింద దారి లేకుండా పైన ఫ్యాన్ పెడితే ఎంత స్పీడ్‌లో తిప్పినా దండగ. కింద ముందువైపు సందు, వెనక పైన ఫ్యాన్ బయటికి ఊదేలా, సందు ఫ్యాన్ అంతైనా ఉండాలి. యూనిట్‌ని గోడకి అతికించకుండా నాలుగు వేళ్లు జరపండి. రిసీవర్ మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టి ఉంటే ముందు అది తీసేయండి, రిసీవర్ వేడి పోయేది పైకే.

వేళచ్చేరి అద్దిల్లు:
అయ్యో, సెట్‌టాప్ బాక్స్ దానిమీదే ఉంది 😅 యూనిట్ ఓనర్‌ది, కన్నాలు పెడితే అడ్వాన్స్‌లో కోసేస్తాడు. వేడెక్కినప్పుడు మాత్రమే తిరిగేలా చేయొచ్చా?

సోల్డర్ వాసన:
వెనక ప్లైవుడ్ షీట్ విప్పి మంచం కింద దాచెయ్, అదే సైజులో వేరేది కోయించి దానికి కన్నం పెట్టించు, ఖాళీ చేసేటప్పుడు పాతది బిగించేస్తే ఎవడికి తెలుస్తుంది. కింది సందుకి కన్నం అక్కర్లేదు, తలుపుకి రబ్బరు బుడిపెలు అతికించి కాస్త ఎడం ఉంచు.
వేడికి ఆన్ అయ్యేదానికి డబ్ల్యూ1209 అనే బోర్డు ఉంది, 12 వోల్టులదే, తీగ చివర సెన్సర్ ఉంటుంది, దాన్ని రిసీవర్ పైన గాలిలో వేలాడదీయి. కూలింగ్ మోడ్‌లో పెట్టడం మర్చిపోకు, లేకపోతే చల్లగా ఉన్నప్పుడు తిరిగి వేడెక్కగానే ఆగిపోతుంది. మే నెలలో మీ హాలే 35 డిగ్రీలు ఉంటుంది కాబట్టి 30కి పెడితే అది ఆగనే ఆగదు, 40 దగ్గర పెట్టి చూడు. ఆ బోర్డు రిలే (ఫ్యాన్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) మీద ఏసీ వోల్టేజ్ ఏదైనా రాసి ఉన్నా, అది చూసి ఇంటి 230 వోల్టుల కరెంటు మాత్రం కలపకు, కింద కరెంటు పారే రాగి గీతలన్నీ బయటికే ఉంటాయి, ఇంట్లో చిన్నపిల్ల కూడా ఉంది.

పాత స్క్రూడ్రైవర్:
ఫ్యాన్‌కి జాలీ కూడా వేయండి. మా ఇంట్లో బల్లి దూరి రెక్కలకి అడ్డం పడింది, మూడు రోజులు వాసన ఎక్కణ్నుంచో అర్థం కాలేదు.