పేట ఆదాయం పెరిగిందా, పేటలో మనుషులు మారారా? ఈస్ట్ లాస్ ఏంజెలెస్ లెక్కలు, బరంపురం వీధులు

లాంజిపల్లి_ఎంఏ:
ఎకనామిక్స్ ప్రాజెక్టుకి అమెరికా కాలిఫోర్నియాలోని ఈస్ట్ లాస్ ఏంజెలెస్ తీసుకున్నానండి. 2010 జనగణనలో అక్కడ 1,26,496 మంది, అందులో 97 శాతం (మెక్సికో లాంటి స్పానిష్ భాషా దేశాల మూలాలున్న) హిస్పానిక్‌లు. 2020కి జనం 1,18,786. మరోవైపు కొన్ని ట్రాక్టుల్లో (జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతాలు) కుటుంబ ఆదాయం బాగా పెరిగినట్టు కనిపిస్తోంది. "జనం తగ్గారు, సంపాదన పెరిగింది" అని రాసేయొచ్చా? ఇదే పద్ధతిలో ఒడిశాలోని బరంపురం తెలుగు వీధులకీ చేయమంటున్నారు మా గైడ్.

అంకెల_గోల (పర్లాకిమిడి):
అప్పుడే రాయకండి. అమెరికా జనగణన ఇప్పుడు ఆదాయం అడగదు. మీరు చూస్తున్నవి అమెరికన్ కమ్యూనిటీ సర్వే అంకెలు, అంటే శాంపిల్. ఏటా దేశమంతా కలిపి 35 లక్షల చిరునామాలు తీస్తారు. ట్రాక్టులో సగటున 4,000 మందే ఉంటారు కాబట్టి ఐదేళ్ల జవాబులు కలిపితే గానీ అంకె నిలబడదు. 2015-19 పక్కన 2018-22 పెడితే రెండేళ్లు రెండింటిలోనూ ఉంటాయి, ఆ పోలిక చెల్లదు. 2014-18, 2019-23 తీసుకోండి. 2020లో ట్రాక్టుల హద్దులు మారాయి, మీది చీలిందేమో చూసుకోండి.

లెక్క అర్థం కావడానికి ఊహా అంకెలు వేస్తాను. పాత మీడియన్ (సగం ఇళ్లు దానికి పైన, సగం కింద ఉండే ఆదాయం) 48,000 డాలర్లు, మార్జిన్ (శాంపిల్ వల్ల అంకె అటూ ఇటూ కదిలే హద్దు) 6,500. కొత్తది 61,000, మార్జిన్ 9,000. పైకి 27 శాతం పెరుగుదల. కానీ 2018 నుంచి 2023కి ధరలు 1.21 రెట్లయ్యాయి, అంటే పాత 48,000 నేటి డబ్బులో దాదాపు 58,200. దాని మార్జిన్ కూడా 7,900 దాకా పెరుగుతుంది (చాలామంది దీన్ని మార్చడం మర్చిపోతారు). మిగిలిన తేడా 2,800. ఈ సర్వే మార్జిన్లు 90 శాతం నమ్మకానికి కట్టినవి, దాని గుణకం 1.645. రెండు మార్జిన్లనీ దాంతో భాగించి, వచ్చినవాటిని వర్గం చేసి కూడి, మూలం తీస్తే సుమారు 7,300. 2,800ని దాంతో భాగిస్తే 0.38. అది 1.645 దాటితేనే "పెరిగింది" అనాలి. ఇక్కడ పెరిగిందని చెప్పలేం!

ఇంకొకటి, నాలుగు ట్రాక్టుల మీడియన్లు కూడి నాలుగుతో భాగించొద్దు. అదే సర్వే బి-19001 పట్టికలో 16 ఆదాయ శ్రేణులుంటాయి. ఇళ్ల సంఖ్యలు శ్రేణివారీగా కలిపి, మళ్లీ మీడియన్ తీయండి.

రాయగడ_వాణి:
జనం తగ్గిన మాట మీదా నాకు అనుమానమే. జనగణన తర్వాత వాళ్లే చేసిన తనిఖీ సర్వేలో హిస్పానిక్‌లు 2010లో 1.54 శాతం, 2020లో 4.99 శాతం లెక్కలోకి రాలేదని తేలింది. అది దేశం మొత్తానికి, పేటకి కాదు. అదే ఇక్కడా వర్తిస్తుందనుకుంటే మీ 6.1 శాతం తగ్గుదల 2.7కి దిగిపోతుంది.

ఆదాయం నిజంగానే పెరిగినచోట, ఎవరి ఆదాయమో చూడాలి. ఇంటిపెద్ద హిస్పానిక్ అయిన కుటుంబాల మీడియన్ ఆ సర్వే బి-19013ఐ పట్టికలో విడిగా ఉంది. అది కదలకుండా మొత్తం మీడియన్ మాత్రం పెరిగిందంటే కొత్తవాళ్లు దిగారన్నమాట. షికాగోలోని పిల్సెన్ పేటలో అద్దెలు పెరిగి, మెక్సికన్ కుటుంబాల వాటా తగ్గుతూ వచ్చింది. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ అలా మారలేదు, ఇప్పటికీ దాదాపు అందరూ హిస్పానిక్‌లే, కొత్తగా దిగినవాళ్లు ఈ మీడియన్‌తో బయటపడరు. కాబట్టి అక్కడ బి-25038 చూడండి, అద్దెకున్నవాళ్లూ సొంతిల్లున్నవాళ్లూ ఏ ఏడాది ఆ ఇంట్లో చేరారో ఉంటుంది. ఒకే కప్పు కింద నలుగురు సంపాదిస్తున్న ఇళ్లు ఎక్కువైతే కుటుంబ ఆదాయం ఘనంగా కనిపిస్తుంది, తలసరి (బి-19301) చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

బడాబజార్_లెక్కలు:
బరంపురం సంగతి వేరండి. మన జనగణనలో ఆదాయం ప్రశ్నే లేదు. మాతృభాష అంకెలున్నాయి గానీ వార్డువారీగా ఇవ్వరు. పైగా అడిగేది చిన్నప్పుడు తల్లి మాట్లాడిన భాష, అయినా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా అని రాయించుకునేవాళ్లు ఉంటారు. వార్డువారీగా దొరికేవి అక్షరాస్యత, ఇంటి పరిశ్రమలో పనివాళ్లు, బండి, కంప్యూటర్, బ్యాంకు ఖాతా ఉన్న ఇళ్లు, అవీ 2011వి. తర్వాత వార్డుల హద్దులు మారాయి కాబట్టి కొత్త వార్డు నంబరుకి పాత అంకెలు అతికించకండి.

లాంజిపల్లి_ఎంఏ:
అయితే ఇల్లిల్లూ తిరగాల్సిందేనా? ఆదాయం అడిగితే చెప్తారా?

బడాబజార్_లెక్కలు:
చెప్పరు, చెప్పినా తగ్గించి చెప్తారు. ఖర్చు అడగండి. కేంద్ర వినియోగ సర్వేలో లాగా కూరగాయలు, చేపలు, నూనె 7 రోజులకి, బియ్యం, అద్దె, కరెంటు 30 రోజులకి, బట్టలు, చదువు ఏడాదికి. 2022-23లో ఒడిశా పట్టణాల తలసరి నెల ఖర్చు 5,187 రూపాయలు. ధరల తేడా సరిచేసి దాని పక్కన పెట్టండి.

వీధిలో 1,800 ఇళ్లుంటే మొదటి తొమ్మిదిళ్లలో ఒకటి లాటరీతో తీసి, అక్కణ్ణుంచి ప్రతి తొమ్మిదో ఇల్లు, 200 వస్తాయి. తాళం ఉంటే పక్కింటికి వెళ్లిపోకండి, సాయంత్రం మళ్లీ రండి. పగలు తాళం వేసి ఉండేవి ఇంటిల్లిపాదీ పనికి వెళ్లే ఇళ్లు, వాటిని వదిలేస్తే ఇంటిపట్టున ఉండేవాళ్ల లెక్కే మిగులుతుంది. సూరత్‌లో ఉన్న కొడుకుని ఇంట్లో మనిషిగా రాయకండి, అతను పంపే డబ్బుకి వేరే గడి పెట్టండి. పట్టు నేసే ఇళ్లలో నెలకి ఎన్ని చీరలు దిగాయి, చీరకి మజూరీ ఎంత, మగ్గం ఆగిన రోజులెన్ని, సాహుకారు అడ్వాన్సు కింద ఎంత కోశాడు, ఇవి వరసగా అడగండి. ఆ కోత అడక్కపోతే మజూరీ మొత్తం చేతికొచ్చినట్టే రాసేస్తారు.