అప్‌డేట్: ఆ పచ్చ స్ఫటికాలు మాలకైట్ కాదు, లిబెథెనైట్

కోనసీమలో ఓ కాలేజీ పెట్టెలో "మాలకైట్" (రాగి కార్బొనేట్ ఖనిజం) చీటీతో ఉన్న ముదురు ఆకుపచ్చ స్ఫటికాలేమిటని అడిగాను కదా, తేలింది: అవి లిబెథెనైట్ అనే రాగి ఫాస్ఫేట్ ఖనిజం. సలహా ఇచ్చినవారందరికీ ధన్యవాదాలు.

దారి చూపింది ఆమ్ల పరీక్షే. చిన్న పలుకు మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే కరిగింది గానీ పొంగలేదు. మాలకైట్ కార్బొనేట్, బుడగలు రావాల్సిందే. నత్రికామ్లంలో కరిగించి అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి వెచ్చచేస్తే పసుపు అవక్షేపం వచ్చింది, అది ఫాస్ఫేట్ గుర్తు. అయితే బాగా వేడెక్కితే ఆర్సెనేట్ కూడా అలాగే ఇస్తుంది, కాబట్టి ఆలివెనైట్ (రాగి ఆర్సెనేట్ ఖనిజం) అనుమానం మిగిలింది. ల్యాబ్‌లో ఈడీఎస్ (ఏ మూలకాలున్నాయో చూపే ఎక్స్‌రే పరీక్ష) దాన్నీ తీర్చింది: రాగి, భాస్వరం ఉన్నాయి, ఆర్సెనిక్ లేదు. స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ కూడా లిబెథెనైట్‌కే సరిపోయింది: రాగి హైడ్రాక్సీ ఫాస్ఫేట్, ఆర్థోరాంబిక్ స్ఫటిక వ్యవస్థ.

గీసి కాఠిన్యం చూసే పరీక్ష తేల్చలేదు, మాలకైట్, లిబెథెనైట్ రెండింటి కాఠిన్యమూ 4 దగ్గరే. డెల్టా తేమకు మాలకైట్ రంగే మారి ఉంటుందన్న మాటకు ఈ తేడాతో సంబంధమే లేదు.