నిక్ సేబన్: ప్రొఫెషనల్ జట్టుతో ఓడిన కోచ్ కాలేజీ జట్లతో ఎలా గెలిచారు?

కావలి పీడీ (ప్రశ్న):
కావలిలోని ఒక డిగ్రీ కళాశాలలో వ్యాయామ అధ్యాపకుడిగా ఉంటూ కబడ్డీ జట్టును తయారుచేస్తున్నాను. మా అల్లుడు అమెరికాలో ఉండటం వల్ల అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టి, విసిరి ఆడే అమెరికన్ ఆట) మీద, ముఖ్యంగా అలబామా విశ్వవిద్యాలయ జట్టుకు 17 సీజన్లు కోచ్‌గా ఉండి 2024 జనవరిలో విరమించిన నిక్ సేబన్ మీద నాకు ఆసక్తి కలిగింది. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం)లో ఒకటి, అలబామాలో ఆరు జాతీయ టైటిళ్లు గెలిచిన ఈయనే, మధ్యలో 2005, 2006 సీజన్లలో మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లి 15 ఆటలు గెలిచి 17 ఓడిపోయారు. మనిషి మారలేదు, క్రమశిక్షణ మారలేదు; మరి ఫలితం ఎందుకు మారింది? ఇంకొక సంగతి. 2018 జనవరి ఫైనల్లో ఆయన విరామ సమయంలో ప్రధాన ఆటగాడినే పక్కన కూర్చోబెట్టారట. మా సీనియర్ రైడర్ ఈ మధ్య తడబడుతున్నాడు. మారుద్దామంటే కుర్రాళ్లు ముఠాలు కడతారేమోనని జంకుతున్నాను.

ఒంగోలు పాఠకుడు:
పీడీ గారూ, తేడా అంతా ఆటగాళ్లు వచ్చే దారిలో ఉంది. ప్రొఫెషనల్ లీగులో కిందటేడు బాగా ఓడిన జట్టుకే కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడంలో ముందు వంతు ఉంటుంది, పైగా జీతాల ఖర్చుకు అన్ని జట్లకూ ఒకటే పరిమితి. కాలేజీలో స్కాలర్‌షిప్పులు 85కు మించకూడదన్న నియమం 2025 వరకు ఉన్నా, ఆ 85 మందిని కోచ్ ఊరూరా తిరిగి, తల్లిదండ్రులతో మాట్లాడి, తానే ఏరి తెచ్చుకోగలిగేవాడు. ఆ పనిలో సేబన్‌ను మించినవారు అరుదు. 2006లో డాల్ఫిన్స్‌కు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించే ప్రధాన ఆటగాడు) కావలసి వచ్చినప్పుడు, భుజానికి శస్త్రచికిత్స జరిగిన డ్రూ బ్రీస్‌ను వైద్యులు సందేహించడంతో డాంటే కల్‌పెపర్‌ను తీసుకున్నారు. మోకాలు సహకరించక అతను ఆ సీజన్లో నాలుగు ఆటలే ఆడాడు. బ్రీస్ న్యూ ఓర్లీన్స్‌కు వెళ్లి 2010లో ప్రొఫెషనల్ లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించాడు.

మూలాపేట, నెల్లూరు:
అంతా పద్ధతి మీదికి నెట్టేయడం నాకు సమ్మతం కాదు. అలబామాకు వెళ్లనని 2006 డిసెంబరులో విలేఖరుల ముందు తెగేసి చెప్పి, 2007 జనవరి మొదట్లోనే అక్కడికి వెళ్లిన మనిషి ఆయన. మయామీ అభిమానులకు ఆ కోపం ఇంకా పోలేదు. అలబామాలో మొదటి ఏడు సొంత మైదానంలో లూసియానా మన్రో వంటి చిన్న జట్టు చేతిలో ఓడి, 7 గెలుపులు, 6 ఓటములతో ముగించారు. మన కళాశాలల యాజమాన్యాలైతే అప్పుడే వేరే కోచ్‌ను వెతికేవి. అక్కడ వ్యవధి ఇచ్చారు కనుకనే మూడో ఏట ఒక్క ఆటా ఓడకుండా టైటిల్ వచ్చింది.

టస్కలూసా (అలబామా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు)లో చదివినవాడు:
మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. ఆ ఫైనల్లో పక్కన కూర్చోబెట్టిన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ అల్లాటప్పా ఆటగాడు కాదు. అతను మొదటి నుంచి ఆడిన రెండు సీజన్లలో అలబామా ఓడింది రెండే ఆటలు. అయినా ఆ ఫైనల్లో జార్జియా విశ్వవిద్యాలయ జట్టు మీద విరామానికి 13–0తో వెనుకబడినప్పుడు, మొదటి సంవత్సరం విద్యార్థి టువా టగొవైలోవాను దింపారు. అదనపు సమయంలో అతను మొదట 16 గజాలు పోగొట్టి, మరుసటి బంతినే డెవాంటా స్మిత్‌కు 41 గజాలు విసరడంతో 26–23తో గెలిచారు. ఇది జూదం కాదు. జట్టు బాగా ముందున్న ఆటల చివర్లో టువాను ఆ సీజనంతా ఆడిస్తూ వచ్చారు. ఇక పక్కకు తప్పించిన హర్ట్స్ అలిగి వెళ్లిపోలేదు. అదే ఏడాది డిసెంబరులో, అదే జార్జియాతో ఆడుతూ టువా గాయపడగా, హర్ట్స్ వచ్చి 35–28తో గెలిపించాడు. కాబట్టి ఓడిపోయే ఆటలో హఠాత్తుగా మార్చకండి; గెలుపు ఖాయమైన ఆటల్లో చిన్నవాడి చేత రైడింగ్ చేయించండి, ఆ సంగతి సీనియర్‌కు ముందు మీరే చెప్పండి.

కావలి పీడీ:
కృతజ్ఞతలు. రెండో సంవత్సరం కుర్రాడు ఒకడున్నాడు. బోనస్ గీత దాటడంలో నేర్పరి, తిరిగి రావడంలో తొందర ఎక్కువ. ఉలవపాడు జట్టుతో స్నేహపూర్వక ఆట ఉంది. ఆధిక్యం దొరికితే రెండో సగం వాడికి ఇస్తాను; సీనియర్‌తో రేపు ఉదయం సాధనకు ముందే మాట్లాడతాను.