37 ఏళ్ళు, మూడో నెల: ఎన్ఐపీటీ చాలా, ఉమ్మనీటి పరీక్ష దాకా వెళ్ళాలా?

ఇర్వింగ్, టెక్సస్ నుంచి

అందరికీ నమస్కారం. ఖమ్మం నుంచి ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. నాకు 37. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నిలిచింది, ఇప్పుడు పదో వారం. మొన్న డాక్టర్ దగ్గరికి వెళ్తే ఫైలు మీద 'అడ్వాన్స్‌డ్ మెటర్నల్ ఏజ్', అంటే తల్లి వయసు ఎక్కువ అని రాశారు. ఎన్ఐపీటీ అని, బిడ్డ క్రోమోజోముల్లో తేడాలు చూసే ఒక రక్తపరీక్ష కాగితం, జెనెటిక్ కౌన్సెలర్‌ని (వంశంలో వచ్చే జబ్బుల గురించి సలహా ఇచ్చేవాళ్ళు) కలవమని ఇంకో కాగితం ఇచ్చారు. ఉమ్మనీరు తీసి చూసే అమ్నియో కావాలంటే అదీ చేయించుకోవచ్చు, మీ ఇష్టం అన్నారు. మీ ఇష్టం అంటే నేనేం చెప్పను? ఖమ్మంలో అయితే డాక్టరమ్మ రాసింది చేయించుకుని వచ్చేసేదాన్ని. మా అత్తయ్య ఫోన్లో "మనింట్లో ఎవరికీ అలాంటివి లేవు, పొట్టలో సూదులేమిటే" అంటున్నారు. మావారు మా మేనత్త కొడుకే. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.


ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

చెల్లీ, ముందుగా శుభాకాంక్షలు. ఈ కాగితాల గొడవలో ఆ మాట నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను 39లో అమ్నియో చేయించుకున్నాను. పాపకిప్పుడు ఆరేళ్ళు, పక్కనే కూర్చుని నా ఫోను లాగుతోంది, తప్పులుంటే సర్దుకో.

'మీ ఇష్టం' అన్నారని భయపడకు. నిన్ను గాలికి వదిలేశారని కాదు. ఇక్కడి గైనకాలజిస్టుల సంఘం 2020లో చెప్పిందేమిటంటే, వయసుతో పని లేకుండా గర్భిణులందరికీ జల్లెడ పట్టే పరీక్ష గురించీ, ఖాయంగా తేల్చే పరీక్ష గురించీ చెప్పాలి, ఏదీ వద్దంటే దాన్నీ ఒప్పుకోవాలి. అందుకే వాళ్ళు నీ చేత అనిపిస్తారు. వాళ్ళ నోటితో అనరు.

ముందు ఈ రెంటికీ తేడా పట్టుకో. ఎన్ఐపీటీ జల్లెడ. పదో వారం నుంచి నీ చేతి రక్తంతోనే చేస్తారు, ఫలితం వారం పది రోజుల్లో వస్తుంది. అందులో చూసే డీఎన్ఏ ముక్కలు నీవి కొన్ని, మాయవి (ప్లసెంటావి) కొన్ని. బిడ్డవి అని అందరూ అనేస్తారు గానీ నిజానికి అవి మాయ నుంచి వచ్చినవి. మాయలో తేడా ఉండి బిడ్డలో లేకపోవడం అరుదుగా జరుగుతుంది. అందుకే అది ఎంత మంచి పరీక్షయినా 'అవును' అంటే ఖాయం చేసుకోవాల్సిందే.

వయసు సంగతి లెక్కగా చెప్తాను, ఎందుకంటే లెక్క తెలియకపోతేనే భయం ఎక్కువ. డౌన్ సిండ్రోమ్‌తో (21వ నంబరు క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉండి, ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా ఉండే స్థితి) బిడ్డ పుట్టే అవకాశం పాతికేళ్ళ తల్లికి సుమారు 1,250లో ఒకటి, 35కి 350లో ఒకటి, నీ 37కి దాదాపు 225లో ఒకటి, 40కి 100లో ఒకటి. అంటే నీ విషయంలో 225లో 224 వంతులు ఆ సమస్య లేకపోవడానికే ఉన్నాయి. (ఐవీఎఫ్‌లో దాత గుడ్డు తీసుకున్నవాళ్ళు తమ వయసు చూసుకుని గుండెలు బాదుకోనక్కర్లేదు. లెక్కలోకి వచ్చేది గుడ్డు ఇచ్చినామె వయసు.)

ఇప్పుడు నీ వయసు వాళ్ళు పదివేల మంది ఎన్ఐపీటీ చేయించుకున్నారనుకో. 44 మంది బిడ్డలకు నిజంగా డౌన్ ఉంటుంది, పరీక్ష దాదాపు అందరినీ పట్టుకుంటుంది. ఏమీ లేకుండానే పాజిటివ్ వచ్చేవాళ్ళు వెయ్యికి ఒకరు చొప్పున ఇంకో పదిమంది. మొత్తం 54 మందికి పాజిటివ్ కాగితం వస్తే అందులో పదిమంది బిడ్డలకు ఏమీ లేదన్నమాట. అదే పరీక్ష పాతికేళ్ళ అమ్మాయికి పాజిటివ్ వస్తే సగానికి సగం ఉత్తదే కావచ్చు. 13, 18 నంబర్ల క్రోమోజోముల తేడాలు ఇంకా అరుదు గనుక వాటి పాజిటివ్ మీద నమ్మకం ఇంకా తక్కువ. కాబట్టి ఆ కాగితం ఒక్కటే చూసుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నెగటివ్ వస్తే మాత్రం ఆ మూడింటి వరకూ చాలా ధైర్యం.

తేల్చే పరీక్షలు రెండు. మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్ 10 నుంచి 13 వారాల మధ్య. ఉమ్మనీరు తీసే అమ్నియో 15 వారాలు నిండాక. మనవాళ్ళు 'సూది గుచ్చితే గర్భం పోతుంది' అంటారు. పాత పుస్తకాల్లో 200లో ఒకరికి అని ఉండేది. ఇప్పుడు అనుభవం ఉన్న చేతుల్లో దాని వల్ల అదనంగా పోయేది 300 నుంచి 900 మందిలో ఒకరికి అని చెప్తున్నారు. సున్నా కాదు. నువ్వు తొమ్మిదేళ్ళు ఎదురుచూశావు గనుక ఆ ఒక్కటి కూడా నీకు పెద్దదిగా కనిపించవచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను. ఉపవాసం అక్కర్లేదు, తినే వెళ్ళాను. రెండు ముక్కల బట్టలు వేసుకో, చుడీదార్ టాప్ పైకి తీస్తే చాలు. అల్ట్రాసౌండ్‌లో బిడ్డ ఎటుందో చూస్తూ, మత్తు లేకుండానే సన్నటి సూదితో నీళ్ళు లాగారు. 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీ స్పూన్లు, లేత పసుపు రంగు. సూది లోపల ఉన్నది ఒకటి రెండు నిమిషాలే, నెలసరి నొప్పిలా పట్టేసినట్టయింది. నిజం చెప్పాలంటే అంతకుముందు వారం రోజులు ఊహించుకున్నదే ఎక్కువ నొప్పి. నీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ఆ రోజే ఒక ఇంజెక్షన్ ఇస్తారు, గ్రూపు ముందే చెప్పు. రెండు రోజులు బరువులెత్తకు, ముఖ్యంగా ఆ ఇడ్లీ గ్రైండర్ జోలికి పోకు. నీళ్ళు కారినా, జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా వెంటనే ఫోన్ చెయ్యి, పొద్దున్న చూద్దాంలే అనుకోకు. ముఖ్యమైన క్రోమోజోముల తొలి కబురు రెండు మూడు రోజుల్లో వచ్చింది, పూర్తి రిపోర్టుకు రెండు వారాలు పట్టింది.

ఇంకొకటి. మన దగ్గర 1994 చట్టం వల్ల ఆడో మగో చెప్పరు. ఇక్కడ ఎన్ఐపీటీ కాగితంలోనే ఉంటుంది. వద్దనుకుంటే రక్తం ఇచ్చేటప్పుడే చెప్పాలి. నేను చెప్పలేదు. రాత్రి పదకొండింటికి పోర్టల్‌లో (ఆసుపత్రి రిపోర్టులు పెట్టే వెబ్‌సైటులో) పడింది, మావారు తెరిచారు, నాకంటే ముందు విజయవాడలో మా ఆడపడుచుకు తెలిసింది! ఆ గొడవ ఇంకోసారి. పోర్టల్ విషయం గుర్తుంచుకో. 2021 నుంచి ఇక్కడ ఫలితాలు డాక్టరు చూడకముందే నీ ఫోన్‌కు రావచ్చు. నోటిఫికేషన్ ఆపేసి, కౌన్సెలర్ ఫోన్ చేసిన తర్వాతే తెరవమని నా సలహా.


ఫ్రిస్కో, టెక్సస్ నుంచి

అక్క చెప్పని రెండు ముక్కలు నేను చెప్తాను. నేనూ టెక్సస్ కాబట్టి.

ఒకటి డబ్బు. రక్తం ఇవ్వకముందే ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేయండి. "ప్రినేటల్ టెస్ట్ కవర్ అవుతుందా" అని అడిగితే అవుతుందనే అంటారు, అది లెక్కలోకి రాదు. కోడ్ చెప్పి అడగండి: ఎన్ఐపీటీ మామూలు ప్యానెల్‌కు 81420, అమ్నియోకు 59000. ముందస్తు అనుమతి కావాలా, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం కట్టాల్సిన మొత్తం) ఎంత మిగిలింది, ఆ ల్యాబు మన నెట్‌వర్క్‌లో ఉందా అని అడిగి, మాట్లాడినవాళ్ళ పేరు, కాల్ నంబరు రాసుకోండి. మామూలు ప్యానెల్‌తో పాటు 'మైక్రోడిలీషన్లు (క్రోమోజోముల్లో చిన్న ముక్కలు లేకపోవడం) కూడా చూస్తాం' అని ఫారంలో ఒక గడి ఉంటుంది. నేను తెలియక టిక్కు పెట్టాను, పద్ధెనిమిది వందల డాలర్ల బిల్లు వచ్చింది. ల్యాబుకే ఫోన్ చేసి బతిమాలితే క్యాష్ ధర కింద మూడు వందలు చేశారు. ఆ ధర ముందే అడగొచ్చని అప్పుడు తెలిసింది.

రెండోది రాయడానికే కష్టంగా ఉంది కానీ తెలియాలి. పరీక్షలు చేయించుకోవడానికి టెక్సస్‌లో ఏ అడ్డూ లేదు. ఆ తర్వాత ఏం చేయాలన్నదే వేరు. 2022 ఆగస్టు నుంచి ఇక్కడి చట్టంలో తల్లి ప్రాణం మీదికి వస్తే తప్ప, బిడ్డకు ఎంత తీవ్రమైన లోపం ఉన్నా గర్భం తీయించుకునే వీలు లేదు. న్యూ మెక్సికో, కొలరాడోల్లో చట్టం వేరు. నువ్వు ఏం చేస్తావన్నది నన్నూ అడగకు, ఇక్కడ ఎవరినీ అడగకు. మీ ఇద్దరూ ఫలితం రాకముందే ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి. ఫలితం వచ్చాక మాట్లాడుకోవడం చాలా కష్టం.

అన్నట్టు, కౌన్సెలర్ దగ్గర తెలుగు దుభాషిని అడుగు. ఆసుపత్రులు ఉచితంగా ఫోన్ మీద కలుపుతాయి. భర్తతో అనువాదం చేయించుకోవద్దు, సగం మాటలు ఆయన మనసు నొచ్చుకుంటుందని మింగేస్తారు, లేదా నీది నొచ్చుకుంటుందని.


షార్లట్, నార్త్ కరోలినా నుంచి

నేను 41లో ఏ పరీక్షా వద్దన్నాను. ఏం వచ్చినా కంటాను, మరి తెలుసుకుని ఏం చేస్తాను అనుకున్నాను. 20వ వారం స్కాన్, మన దగ్గర టిఫా అంటారు చూడండి, అది మాత్రం చేయించుకున్నాను. అందులో గుండెలో గోడ సరిగా లేదని కనిపించింది. అప్పుడు అమ్నియోకు ఒప్పుకున్నాను. డౌన్ అని తేలింది.

ఆ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె సమస్య ఉంటుందట, నాకు తెలియదు. తెలిశాక కాన్పును మా ఊరి చిన్న ఆసుపత్రిలో కాకుండా పిల్లల గుండె డాక్టర్లున్న చోట పెట్టుకున్నాం. బాబుకు ఐదో నెలలో గుండె ఆపరేషన్ అయింది. ఇప్పుడు మావాడికి నాలుగేళ్ళు, 'జేజి' అంటూ ఫోన్ పట్టుకుని మా అమ్మతో పోట్లాడతాడు.

పరీక్ష చేయించుకోవడమంటే తీయించుకోవడానికే అని మనవాళ్ళలో ఒక మాట ఉంది. నేనూ అదే అనుకుని దూరం పెట్టాను. ముందే తెలిసుంటే ఏడవడానికి ఇంకో రెండు నెలలు దొరికేవి, బిడ్డ వచ్చేసరికి ఏడుపు అయిపోయుండేది. నాకనిపించింది చెప్పాను. వద్దనుకున్నవాళ్ళను తప్పు పట్టడం లేదు.


ఇర్వింగ్, టెక్సస్ నుంచి

అక్కలందరికీ చేతులెత్తి దండం. మావారితో కూర్చుని మాట్లాడాను, తొమ్మిదేళ్ళలో మేమంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారేమో. ఎన్ఐపీటీ చేయిస్తాం. పాజిటివ్ వస్తేనే అమ్నియో. గురువారం రక్తం ఇవ్వడానికి, అదే రోజు కౌన్సెలర్‌తో వీడియో కాల్‌కు కుదిరింది.

కానీ ఇంకొకటి తెలిసింది. కౌన్సెలర్ ముందుగా పంపిన ఫారంలో మూడు తరాల వివరాలు అడిగారు. అత్తయ్యకు ఫోన్ చేసి ఒక్కొక్కటే అడుగుతుంటే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. మావారికంటే ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టారట, ఇద్దరూ ఆరు నెలలు నిండకుండానే పోయారట. మావారికే తెలియదు. "చెప్పడానికేముందే, దేవుడు తీసుకుపోయాడు" అన్నారు. ఇది కూడా ఫారంలో రాయాలా? అత్తయ్య ఏమనుకుంటారో.


ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

రాయాలి చెల్లీ. గురువారం వరకు ఆగకు, ఇవాళే ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పు.

ఆ పిల్లలది జన్యువుల జబ్బేనని నేననడం లేదు. ఆ రోజుల్లో జ్వరాలతో, విరేచనాలతో పోయిన పిల్లలు ఎందరో. కానీ ఇద్దరు, అదే వయసులో పోవడం కౌన్సెలర్ తప్పకుండా వినాల్సిన మాట. మీ అత్తయ్య, మీ నాన్న తోబుట్టువులు. తల్లిదండ్రుల్లో కనిపించకుండా దాగుండే జన్యువు ఏదైనా అత్తయ్యలో ఉంటే, మీ నాన్నలోనూ ఉండొచ్చు, ఆయన నుంచి నీకూ వచ్చి ఉండొచ్చు, మీ ఆయనకు నేరుగా వచ్చి ఉండొచ్చు. ఇద్దరిలోనూ అదే ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. మామూలుగా నూటికి రెండు మూడు ఉండే పుట్టుకలోపాల ముప్పు మేనరికంలో ఇంకో రెండు మూడు పెరుగుతుంది. అంటే నూటికి తొంభై నాలుగైదు మంది బిడ్డలు బాగానే ఉంటారు, అదీ గుర్తుంచుకో.

ఇవి ఎన్ఐపీటీలో కనబడవు. నీ ఎన్ఐపీటీ ఎంత చక్కగా నెగటివ్ వచ్చినా తలసీమియా (రక్తం సరిగా తయారుకాని జబ్బు) గురించి, ఎస్ఎంఏ (కండరాలు బలహీనపడే జబ్బు) గురించి ఒక్క ముక్క చెప్పదు. వాటికి క్యారియర్ స్క్రీనింగ్ అని, తల్లిదండ్రుల్లో దాగున్న జన్యువుల్ని చూసే వేరే రక్తపరీక్ష. నీ మామూలు రక్తపరీక్ష రిపోర్టు తీసి ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) అన్న చోట చూడు. 80 కంటే తక్కువుంటే, రక్తం తక్కువని ఐరన్ మాత్రలు రాసి వదిలేయనివ్వకు, తలసీమియా జాడ చూసే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫొరెసిస్ పరీక్ష అడుగు.

ఇక్కడ మామూలుగా ముందు తల్లికి చేసి, ఏదైనా కనిపిస్తేనే తండ్రికి చేస్తారు. ఒక్కో ఫలితానికి రెండు మూడు వారాలు పట్టినా, ఒకదాని తర్వాత ఒకటి అంటే నీకు పదహారో వారం వచ్చేస్తుంది. అమ్నియోలో ఆ జబ్బు కోసం వెతకాలంటే ఏ జన్యువులో ఏ మార్పు అన్నది ల్యాబుకు ముందే తెలియాలి. అందుకని గురువారం ఇద్దరి రక్తమూ ఒకేసారి తీయమను. దగ్గరి బంధువుల పెళ్ళి, కుటుంబంలో పసిపిల్లల మరణాలు అని కారణం రాయిస్తే ఇన్సూరెన్స్‌కు కూడా ఒక ఆధారం ఉంటుంది.

అత్తయ్య సంగతి. ఆవిడ ముప్పై నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పని మాట నీకు చెప్పారు. ఫారం సంగతి ఎత్తకు. రేపు ఊరికే ఫోన్ చేసి, ఆ పిల్లలకు పేర్లు పెట్టారా అత్తయ్యా అని అడుగు. మీ ఆయన్ని గురువారం సెలవు పెట్టమను.